జీడితోట కంచె, జబల్‌పూర్ ఉత్తరం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ఊరు. మా ఆయన ఆర్మీలో నాయక్, పదకొండేళ్ల సర్వీసు. ఇప్పుడు జబల్‌పూర్‌లో ఉన్నారు. త్వరలో యూనిట్ ఫీల్డ్‌కి కదులుతుందంటున్నారు. మావయ్యగారికి పక్షవాతం వచ్చిందని పిల్లలిద్దర్నీ తీసుకుని నేను ఊరొచ్చేశాను. మా ఆయన పేరున ఎకరా ఇరవై సెంట్ల జీడితోట ఉంది. పక్క తోటవాళ్లు కంచె మా వైపు జరిపేశారు. కాపు కాసే చెట్లు నాలుగు అటు పోయాయి. అడిగితే "మీ ఆయన్ని రమ్మను, మాట్లాడదాం" అంటారు. గట్టిగా అంటే కోర్టుకెళ్తామంటున్నారు. వీఆర్వో గారు కూడా పట్టాదారే రావాలన్నారు. సైనికుల ఇంటికి పన్ను లేదని విని పంచాయతీకి వెళ్తే, "అది రిటైరైనవాళ్లకి, బోర్డర్‌లో ఉన్నవాళ్లకేనమ్మా" అని పంపేశారు. ఇల్లు కూడా మా ఆయన పేరునే ఉంది. ఇవన్నీ ఫోన్లో చెప్తే ఆయన రాత్రంతా నిద్రపోరు. చెప్పకుండా నేనుండలేను. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆగాలా? మాలాంటివాళ్లకి జిల్లాలో ఎవరైనా ఉన్నారా?

పేరు వద్దన్న ఒక సోదరి

సమాధానం: ఆగొద్దమ్మా. జీడి పిక్క రాలే కాలం వచ్చేలోపు ఈ పని కదలాలి. ఆ నాలుగు చెట్ల పిక్కలు ఒక ఏడాది వాళ్లు ఏరుకున్నారంటే వచ్చే ఏడాది "ఎప్పట్నుంచో మావే" అంటారు. మీ ఆయన రావాల్సిన పని కూడా లేదు. ఆయన దగ్గర్నుంచి రెండు కాగితాలు వస్తే చాలు. అవేమిటో చెప్పే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న సిగ్నల్స్‌లో హవల్దారుగా చేశారు. ఆయన సెలవు మీద వస్తే అమ్మ వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీతలు గీసేది, రోజుకొకటి. నాకు పదేళ్లున్నప్పుడు నాన్న ముప్పై రోజులకు వచ్చారు. అందులో పదకొండు రోజులు ఒక ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నారు. పొలం కాగితాల్లో తాతయ్య పేరు తీసి నాన్న పేరు ఎక్కించాలి, అంతే. రోజూ "రేపు రండి". పని కాకుండానే సెలవైపోయింది. నల్ల ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టుకుని రైలెక్కేశారు. అక్కడికెళ్లాక ఏదో మాటల్లో ఈ సంగతి చెబితే వాళ్ల సుబేదారు సాబ్ తిట్టారట. "సెలవుకు ముందే ఎందుకు చెప్పలేదు? యూనిట్ నుంచి ఒక్క చిట్ఠీ మీ కలెక్టరుకి పోతే అయిపోయేది కదా!" ఆ చిట్ఠీ వెళ్లింది. నెలన్నర తిరక్కుండా, నాన్నను బల్ల మీద కూర్చోబెట్టిన ఆ ఆఫీసు మనిషే సైకిలేసుకుని మా ఇంటికొచ్చి అమ్మ చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. అమ్మ మజ్జిగ కూడా ఇచ్చింది. నాకు మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు.

మీ మొదటి కాగితం ఆ చిట్ఠీయే. ఇంటి దగ్గర భూమి తగాదానో, కుటుంబానికి బెదిరింపో ఉంటే జవాను తన కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆఫీసరు జిల్లా కలెక్టరుకు లేఖ రాసి, నకలు జిల్లా సైనిక సంక్షేమ అధికారికి పంపుతారు. ఇది మొహమాటపడాల్సిన సంగతి కాదు. ఇంటి టెన్షన్ బుర్రలో పెట్టుకుని డ్యూటీ చేసే మనిషి కంటే ఒక కవరు పోస్టు చేయడం యూనిట్‌కీ మేలే. మన జవాన్లు "సాబ్‌కి ఇంటి గొడవలేం చెప్తాం" అనుకుని మింగేస్తారు. మీ ఆయన్ను మింగనివ్వకండి. యూనిట్ ఫీల్డ్‌కి కదిలే హడావుడి మొదలైతే ఇలాంటి కాగితాలకు తీరిక దొరకదు. అందుకే ఈ వారంలోనే పెట్టించండి.

లేఖలో కష్టాలన్నీ రాయక్కర్లేదు. ఊరు, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పాసు పుస్తకం ఖాతా నంబరు, కంచె ఎప్పుడు జరిపారు, ఎవరు జరిపారు, ఎవరికి చెప్పుకున్నారు, ఇప్పుడేం కావాలి. "హద్దులు కొలిపించి రాళ్లు పాతించాలి, నా భార్యకు రక్షణ కల్పించాలి" అని స్పష్టంగా రెండు ముక్కలుండాలి. సర్వే నంబరు లేని అర్జీ చిరునామా లేని ఉత్తరం లాంటిది, ఏ బల్ల మీద పెడితే ఆ బల్ల మీదే ఉంటుంది. ఆ వివరాలన్నీ మీరే ఒక తెల్ల కాగితం మీద రాసి, ఫొటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి.

రెండోది అధికార పత్రం. "ఈ భూమి విషయంలో నా తరఫున నా భార్య ఫలానా ఆమె అర్జీలు పెట్టడానికి, సర్వేకు హాజరు కావడానికి, నోటీసులు తీసుకోవడానికి అధికారం ఇస్తున్నాను" అని ఆయన రాసి, కమాండింగ్ ఆఫీసరు ఎదుట సంతకం చేసి, ఆఫీసరు సంతకం, యూనిట్ గుండ్రని ముద్ర వేయించి పంపాలి. వీఆర్వో గారు "పట్టాదారే రావాలి" అంటే ఇది చూపించండి. ఇంకా నసిగితే జబల్‌పూర్‌లోనే నోటరీ చేయించి ఇంకోటి పంపమనండి. ఒక్క జాగ్రత్త. ఆ కాగితంలో అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి అధికారం అనే మాటలు రానివ్వకండి. మీ మీద అనుమానం ఉండి చెప్పట్లేదు. కొలతల పనికి అమ్మకం అధికారంతో పని లేదు, అంతే. రేపు మరిదో బావమరిదో "నా పేరున జీపీఏ (అన్ని పనులకూ అధికారమిచ్చే పత్రం) రాసిచ్చేయండి, నేను చూసుకుంటా" అంటే అప్పుడూ ఇదే మాట.

ఇప్పుడు మీరు అడిగిన "జిల్లాలో ఎవరైనా ఉన్నారా" అన్నదానికి వస్తాను. ఉన్నారు. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఊళ్లో చాలామంది అది పింఛనుదార్ల ఆఫీసు అనుకుంటారు. (మిలటరీ అనగానే గుర్తొచ్చే రెండోది క్యాంటీన్ సరుకు. మీ ఇంటికీ ఈపాటికి సీసా అడగడానికి ఒకరిద్దరు వచ్చే ఉంటారు.) మాజీ సైనికుల పనే అక్కడ ఎక్కువన్న మాట నిజమే. కానీ సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలు ఊళ్లో ఇబ్బంది పడితే జిల్లా యంత్రాంగంతో మాట్లాడటం కూడా ఆ ఆఫీసు బాధ్యతే. అక్కడి అధికారి సాధారణంగా ఫౌజులో పని చేసి వచ్చినవారే, కాబట్టి యూనిట్, రికార్డ్స్, పార్ట్ టూ ఆర్డర్ (జవాను పెళ్లి, పిల్లలు, ఆధారపడినవాళ్ల వివరాలు సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఆర్డర్) అంటే అర్థం చెప్పక్కర్లేదు. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు కలెక్టరే. అందుకే ఆ ఆఫీసు నుంచి తహసీల్దారుకు వెళ్లే కాగితానికి కాస్త బరువుంటుంది.

వెళ్లేటప్పుడు మీ డిపెండెంట్ కార్డు, ఆధార్, ఆయన సర్వీసు సర్టిఫికెట్, పాసు పుస్తకం, భూమి రికార్డులైన 1బీ, అడంగల్ నకళ్లు రెండు సెట్లు పట్టుకెళ్లండి. అర్జీ ఇచ్చి, మీ నకలు మీద తారీఖుతో ముద్ర వేయించుకోకుండా కుర్చీలోంచి లేవకండి. ఆ ఆఫీసు చేతిలో సర్వే గొలుసూ లేదు, లాఠీ కూడా లేదు. అది చేయగలిగింది వెంటపడటం. చాలాసార్లు మన పనికి కావాల్సింది కూడా అదే. నెలకోసారి ఫోన్ చేసి "నా అర్జీ ఎక్కడిదాకా వచ్చింది సార్" అని అడగండి.

కొలతల సంగతి దీనికి సమాంతరంగా నడవాలి. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్-లైన్ అర్జీ, అంటే హద్దులు కొలిచి చూపించమనే అర్జీ పెట్టి, ఫీజు కట్టి, రసీదు తీసుకోండి. కొలిచే రోజు మీ హద్దుదారులకు ముందుగా నోటీసు వెళ్లాలి. మీ ఊళ్లో రీసర్వే అయిపోయిందా లేదా కనుక్కోండి. కాకపోతే పాత ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, అయితే కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాప్ తీసుకుని అందులో మీ హద్దు కొలతలు చూసుకోండి. ఎందుకంటే కొన్నిచోట్ల కంచె జరిపింది పక్కవాళ్లు కాదు, కొత్త మ్యాపు. తేడా అక్కడుంటే అర్జీ వేరే రకంగా రాయాలి. కొలిచే రోజు సర్వేయరు గారి పక్కనే ఉండండి, మీ వైపు నుంచి ఊళ్లో నోరున్న పెద్దమనిషినొకర్ని తీసుకెళ్లండి. పంచనామాలో రాసింది చదివాకే సంతకం పెట్టండి. ఈలోపు ఆ కంచెనూ, అటుపోయిన నాలుగు చెట్లనూ, పాత కంచె గుంజల గుంతలు కనబడుతుంటే వాటినీ ఫొటోలు తీసి ఉంచండి. గుంతలు ముఖ్యం, ఒక వాన పడితే పూడిపోతాయి. కంచె మీరు పీకొద్దు. మీరు పీకిన రోజు నుంచి తప్పు మీ వైపు తిరుగుతుంది.

సర్వేయరు రాకపోయినా, వచ్చి తేల్చకపోయినా సోమవారం నాడు కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో, అదే జనం ఇంకా స్పందన అంటున్నదాంట్లో, అర్జీ ఇవ్వండి. యూనిట్ లేఖ నకలు దానికి జతచేయండి. తెలంగాణ చదువరులకు ఇదే పని సోమవారం ప్రజావాణిలో అవుతుంది.

ఇక "కోర్టుకెళ్తాం" అన్న బెదిరింపు. వెళ్లనివ్వండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 28 అని ఒకటుంది. కేసు నడపడానికి సెలవు దొరకని సైనికుడు తన బదులు ఎవర్నైనా నియమించుకోవచ్చని అది చెబుతుంది. కమాండింగ్ ఆఫీసరు ఎదుట సంతకం చేసిన పత్రం కోర్టులో దాఖలు చేస్తే, మీరే ఆయన తరఫున నిలబడొచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. నేను పైన చెప్పిన అధికార పత్రం అలా రాయించమన్నది ఇందుకే. అయితే కేసు పడితే ఆ కేసు నంబరు వేసి వేరే పత్రం రాయించుకోండి.

దానికంటే బలమైనది ఇంకోటి ఉంది. ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్, 1925. బ్రిటిష్‌వాళ్ల కాలం నాటిదే అయినా ఇప్పటికీ అమల్లో ఉంది. జవాను ఫీల్డ్ సర్వీసులోనో, యుద్ధ పరిస్థితుల్లోనో ఉండి కోర్టుకు రాలేకపోతే, కలెక్టరు ఆ సంగతి ధ్రువీకరించి కోర్టుకు తెలిపితే కేసును నిలిపి ఉంచాలని ఆ చట్టం. ఆయన వెనక ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం లేకుండానే ఇచ్చే తీర్పు) తెచ్చేసుకుందామని చూసేవాళ్లకు ఇది అడ్డు. ఆయన ప్రయోజనాలు చూసుకోవడానికి కేసులో ఇంకో పార్టీ ఎలాగూ ఉన్నారని కోర్టు అనుకుంటే మాత్రం ఆపకపోవచ్చు. జబల్‌పూర్‌లో ఉన్నంతకాలం దీని అవసరం రాదు. యూనిట్ కదిలాక సమన్లు వస్తే మాత్రం అదే రోజు సైనిక సంక్షేమ ఆఫీసుకు పరుగెత్తండి. సమన్లు తీసుకోకుండా తలుపేసుకోవడం మన ఊళ్లలో పెద్ద తెలివనుకుంటారు. అది పక్కవాళ్లకు మేలు చేసే తెలివి.

వకీలు ఖర్చుకు భయపడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే చెబుతోంది. దానికితోడు 2025 జూలై 26న, కార్గిల్ విజయ దినం రోజున, జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక బోర్డు ఆఫీసుల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టి, సరిహద్దులో ఉన్నవాళ్ల ఇంటి తగాదాలు చూడాలన్నది దాని ఉద్దేశం. మీ ఆఫీసులో వకీలు ఏ రోజు కూర్చుంటారో అడగండి. లేదంటే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల హెల్ప్‌లైన్.

ఇంటి పన్ను విషయంలో మీ పంచాయతీవాళ్లు అబద్ధం చెప్పలేదు, పాత మాట చెప్పారు. మునుపు మినహాయింపు రిటైరైనవాళ్లకు, సరిహద్దుల్లో పనిచేసేవాళ్లకే ఉండేది. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజుల్లో, పంచాయతీరాజ్ శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ దాన్ని మార్చినట్టు ప్రకటించారు. సర్వీసులో ఉన్న సైనికుడు ఎక్కడ డ్యూటీలో ఉన్నా గ్రామ పంచాయతీ పరిధిలో ఒక ఇంటికి పన్ను ఉండదు. ఇల్లు ఆయన పేరున గానీ, భార్య పేరున గానీ ఉండాలి. మీ ఇల్లు ఆయన పేరునే ఉంది కనుక సరిపోతుంది. నోటిమాటగా అడిగితే నోటిమాటే వస్తుంది. ఇంటి అసెస్‌మెంట్ నంబరు రాసి, సర్వీసు సర్టిఫికెట్ జతచేసి, పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆ ఉత్తర్వు నకలు అడిగి తెచ్చుకోండి. కార్యదర్శి గారి బల్ల మీద ఉత్తర్వు కాగితం పెట్టాక మాట మారుతుంది. ఆయనకు ఆ కాగితం చేరకపోయి ఉండొచ్చు కూడా, పోట్లాటకు దిగకండి. రేపు ఆయనతోనే నీళ్ల కుళాయి పని పడుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మావయ్యగారి పేరు మీ ఆయన మీద ఆధారపడినవారిగా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కి ఉంటే విశాఖలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఆసుపత్రిలో చూపించవచ్చు. ఎక్కకపోతే, ఆదాయ పరిమితిలోపు ఉంటే ఎక్కించమనండి. ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం మీకు కాదు, అది రిటైరయ్యాక. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి పెట్టుకోమని ఎవరైనా చెబితే డబ్బులిచ్చి ఫారం నింపించుకోకండి. అది మాజీ సైనికుల పిల్లలకు, వీర నారీమణుల పిల్లలకు, అదీ వృత్తి విద్యా కోర్సుల్లో. మీ పిల్లలకు వచ్చేది ఆయన యూనిట్‌లో క్లెయిమ్ చేసే చదువు అలవెన్సు. 2024 జనవరి నుంచి ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. ఊరి బడికి మారారు కాబట్టి ఈ ఏడాది కొత్త బడి హెడ్మాస్టరు సర్టిఫికెట్ పంపాలి, మరిచిపోతారు. పిల్లలు ఇంటర్‌కొచ్చాక ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లల కోటా సంగతి గుర్తు చేసుకోండి, దాన్ని క్యాప్ అంటారు. మీ ఊళ్లో సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌వాళ్లు కూడా ఉండి ఉంటారు, ఆ వైపు ఇంటికొకరు. వాళ్లది హోం శాఖ, వాళ్ల సంక్షేమం చూసే బోర్డు వేరు. మీరు చెప్పారని వాళ్లు సైనిక బోర్డుకు వెళ్తే తిరిగొచ్చి మిమ్మల్నే తిడతారు.

ఇంకొకటి. మీ ఊళ్లో పింఛను లేకుండా సర్వీసు మధ్యలో వచ్చేసిన ముసలి ఫౌజీ గానీ, అలాంటివారి భార్య గానీ ఉన్నారా? హవల్దారు గానీ అంతకంటే కింది ర్యాంకు గానీ అయ్యుండి, 65 ఏళ్లు దాటి, పింఛను లేనివాళ్లకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే నెల సాయం 2025 నవంబరు నుంచి 4,000 నుంచి 8,000 రూపాయలకు పెరిగింది. దరఖాస్తు అదే ఆఫీసు ద్వారా. చాలామందికి ఇలాంటిదొకటి ఉందనే తెలీదు. మీరెలాగూ ఆటో మాట్లాడుకుంటారు కదా, అలాంటి అవ్వ ఉంటే ఎక్కించుకుని వెళ్లండి.

మీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. గీతల కింద "ఏమైనా" అన్న మాట కనిపిస్తూనే ఉంది. అడగడానికి నోరు రాలేదని అర్థమైంది, కాబట్టి నేనూ ఒక్కసారే చెప్తాను. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి అయిదు కోట్లు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. 2025 మేలో సత్యసాయి జిల్లా కల్లి తండా జవాను మురళీ నాయక్ పోయినప్పుడు ఆంధ్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, 300 గజాల స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఇవి ఆయా ప్రభుత్వాలు ఆ రోజు ప్రకటించినవి. లెక్కగట్టి ముందే నమ్ముకునేవి కావు. నమ్ముకోవాల్సింది రికార్డు ఆఫీసులో ఉన్న కాగితాన్ని. మీ పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాయా, మీ పేరులో అక్షరాలు ఆధార్‌లోనూ అక్కడా ఒకేలా ఉన్నాయా, గ్రూప్ ఇన్సూరెన్సులో నామినీ పెళ్లికి ముందు రాసిందే ఇంకా ఉందా, జీతం ఖాతా జాయింటా. ఈ నాలుగూ ఆయన్ను ఈసారి సెలవులో కాకుండా ఇప్పుడే చూసుకోమనండి. ఫీల్డ్‌కి వెళ్లే ముందు ఎలాగూ డాక్యుమెంట్లు చూస్తారు, ఆ వంకతో అడిగితే మీకూ ఇబ్బంది ఉండదు.

ఫోన్లో ఏం చెప్పాలన్నది మిగిలింది. దాచకండి, దాచితే ఊళ్లో ఇంకెవరో ఫోన్ చేసి చెబుతారు, అదీ మసాలా వేసి. కానీ రాత్రి పడుకునే ముందు చెప్పొద్దు. పొద్దున పీటీ అయ్యాక చెప్పండి, "వాళ్లు ఇలా అన్నారు" దగ్గర ఆపకుండా "సర్వే నంబరు పంపాను, సాబ్ దగ్గర చిట్ఠీ రాయించండి" అని పని అప్పజెప్పండి. ఆ దూరంలో ఉన్న మనిషికి చేయడానికి ఏదో ఒకటి ఉంటే నిద్ర పడుతుంది. మా నాన్న చివరిదాకా చెప్పిన మాట ఇది. ఆ పదకొండు రోజులు బల్ల మీద కూర్చున్నందుకు ఆయనకు కోపం లేదు. ఆ ఏడాది మేం ముగ్గురం పిల్లలం అరసవల్లి తీసుకెళ్లమని అడిగితే తీసుకెళ్లలేకపోయానే అన్నదొక్కటే ఉండేది. ఈసారి మీ ఆయన సెలవు రాసుకున్నప్పుడు అందులో తహసీల్దారు ఆఫీసుకు ఒక్క రోజు కూడా ఇవ్వకండి.